అరికాల్లో కాటుక

1898 మే 14, శనివారం. సిడ్నీ.

నువ్వు మిసెస్ డౌలింగ్‌తో చెప్పింది తప్పు, అమృతం. "మా అమ్మమ్మ నన్ను ఓడ ఎక్కించడానికి వచ్చింది" అన్నావు. ఆవిడ నమ్మేసి నా వంక చూసి ఏప్రనుతో కళ్ళొత్తుకుంది. నేను నిన్ను ఎక్కించడానికి రాలేదు. నిన్ను తీసుకుపోయే మిషను దొరసాని మిస్ క్లారాకి ఓడ కుదుపు పడదు. మద్రాసునుంచి ఇక్కడిదాకా ఆవిడ పక్కన గిన్నె పట్టుకుని కూచునే మనిషి కావాలి. అందుకని మిషను వాళ్ళు నాకు రానూ పోనూ టిక్కెట్టు కొన్నారు. గిన్నె పట్టుకున్నాను. పని అయింది. ఇక్కణ్ణించి మీరిద్దరూ అమెరికా ఓడ ఎక్కుతారు, నేను వెనక్కి పోయే ఓడ ఎక్కుతాను. ఇందులో సాగనంపడం ఎక్కడుంది?

ఈ మాట నీ ముఖాన అనలేదు. ఇల్లుగలావిడ ముందు మనుమరాలిని దిద్దడం బాగుండదు. ముప్ఫై ఏళ్ళు దొరసానులకి తెలుగు చెప్పిన మున్షీని, దిద్దకుండా ఉండలేను కనక ఇక్కడ దిద్దుతున్నాను. నువ్విది చదవవు. దీని చోటు నా పెట్టె అడుగున, ఫ్లానెలు కింద.

మే 17, మంగళవారం.

గది కిటికీలోంచి రేవు కనిపిస్తుంది. మంచి గది ఇచ్చానని మిసెస్ డౌలింగ్ రోజుకి రెండుసార్లు చెబుతుంది. పొగగొట్టాలు తప్ప చూడటానికి ఏమీ లేని కిటికీని మంచిదనడం ఆవిడ మర్యాద.

నీ ఓడ ఇరవై అయిదున. ఆక్లండు, సమోవా, హొనొలులు, ఆ మీదట శాన్ ఫ్రాన్సిస్కో. అక్కణ్ణించి రైలు. ఆగస్టు మొదటివారంలో వైద్య కళాశాలలో ప్రవేశ పరీక్ష. అప్పటికి అక్కడ లేకపోతే నీ చోటు మరో పిల్లకి పోతుంది. ఓడ ఎక్కేముందు కంపెనీ డాక్టరు చూసి సరేననాలి. నీకేం, గుర్రప్పిల్లలా ఉన్నావు.

నువ్వు వెళ్ళాలి. మీ అమ్మ నిన్ను కని మూడోనాడు పోయినప్పుడు రాజమండ్రి మొత్తానికి ఆడ డాక్టరు లేదు. కంపౌండరు తలుపు బయట నిలబడి లోపలివాళ్ళని అడిగి అడిగి మందిచ్చాడు. ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. కనక నువ్వు వెళ్ళాలి. ఇది నేనెప్పుడూ కాదనలేదు.

ఇవాళ భోజనాల దగ్గర మిస్ క్లారా "మున్షమ్మగారూ, తమరు సుఖముగ నిద్రించితిరా?" అంది. ఆ భాష నేను నేర్పిందే. పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడాలని బెత్తం పట్టుకున్నంత పనిచేశాను ఆ రోజుల్లో. ఇప్పుడు పూటపూటా అనుభవిస్తున్నాను.

మే 20.

వాన. ఎముకల పుస్తకం నువ్వు విడవలేదు. కళ్ళు కొంచెం ఎర్రబడ్డాయి.

మే 22, ఆదివారం.

గుడికి వెళ్ళాం. మన పక్క బెంచీ ఖాళీ అయిపోయింది. బొంబాయి ప్లేగు జాడ్యం గురించి ఇక్కడి పత్రికల్లో రాస్తున్నారట. మనం బొంబాయి చూసిన పాపాన పోలేదని మిస్ క్లారా ఒక్కొక్కరికీ చెప్పింది. నేను పాట పాడాను. వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తే నేను ఒక స్వరం పైకి వేశాను.

తిరిగి వచ్చేసరికి నా ఉప్పుచేప పోయింది. పెట్టె వెనక ఏదో చచ్చిపడి ఉందనుకుని మిసెస్ డౌలింగ్ బయట పారేసి, గదిలో సున్నపు నీళ్ళు చల్లి, నన్ను ఓదార్చింది. నువ్వు నవ్వాపుకోలేక మంచం మీద పడి దిండు కరిచావు. నెల రోజుల్లో నువ్వలా నవ్వడం ఇదే. చేప పోతే పోయింది.

కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

మే 24, మంగళవారం.

మహారాణిగారి పుట్టినరోజు. ఊరంతా జెండాలు. దుకాణాలు మూసేస్తారని నిన్ననే వెళ్ళి ఆముదం తెచ్చుకున్నాను. ఎన్ని చెంచాలు తాగుతావని అడిగాడు మందుల షాపువాడు. దీపానికి అన్నాను. తలాడించాడు. వేపరొట్టా పచ్చకర్పూరమూ ఇక్కడెక్కడ దొరుకుతాయి? ఉన్న కర్పూరం ఒక ముక్క తెచ్చాను.

పాత లోపావడా చింపి ఒత్తి చేశాను. ప్రమిద లేదు, సబ్బుగిన్నెలో ఆముదం పోసి వెలిగించి పైన మిసెస్ డౌలింగ్ ఇత్తడి పళ్ళెం బోర్లించాను. మసి బాగా పట్టింది. గీరి, చుక్క ఆముదం వేసి, కర్పూరం నలిపి, మీ తాతయ్య పొడుం భరిణెలోకి ఎత్తాను. మీ తాతయ్య రాయప్పగారు పొడుం మానడానికి మూడుసార్లు ప్రార్థన కూడికలు పెట్టించుకుని, మానకుండానే పోయారు. భరిణె మాత్రం మంచిది.

కంటికి కాటుక చలవ. ఎరుపు లాగేస్తుంది. మిషను బడిలో చేరినరోజున మొదటి దొరసాని సబ్బుపెట్టి నా కాటుక కడిగేసింది, అన్యుల అలవాటని. మీ అమ్మకి నేనూ పెట్టలేదు. నువ్వు పుట్టి, మీ అమ్మ పోయాక మాత్రం భయం వేసింది. దొరసానుల కళ్ళు పడని చోటు చూసుకుని నీ కుడి అరికాల్లో చుక్క పెట్టేదాన్ని, నీకు నడక వచ్చేదాకా. ఈ కథ నీకు వందసార్లు చెప్పాను. ఇవాళ కూడా చెప్పాను.

"అప్పుడు అరికాల్లో, ఇప్పుడు కళ్ళల్లోనా? ధైర్యం పెరిగిందే అమ్మమ్మా" అన్నావు.

"కదలకు, చుట్టూ అంటుతుంది" అన్నాను.

ముఖం పైకెత్తి కూచున్నావు. రెండు కళ్ళకీ పెట్టాను. కర్పూరం నా చేతినుంచి కొంచెం ఎక్కువే పడి ఉండచ్చు. కళ్ళవెంట నీళ్ళు కారాయి. చలవ చేసేటప్పుడు అలాగే ఉంటుంది.

మే 25, బుధవారం.

రేవులో పెద్ద రేకుల షెడ్డు. అందులో వరసలు. తెల్లవాళ్ళది ఒకటి, చీనావాళ్ళది ఒకటి, మనలాంటి ఏ వరసలో పెట్టాలో తెలియనివాళ్ళది ఒకటి. సిరియా దేశపు కుటుంబం ఒకటి మూటల మీద కూచుని రొట్టె తింటోంది. ఐర్లండు పిల్లల తల్లి ఒకామె డాక్టరు దగ్గరికి వచ్చేలోపు అందరి ముక్కులూ ఒకే గుడ్డతో తుడిచింది. అందరూ ఎక్కడికో ఒకచోటికి పోతున్నవాళ్ళే. చేతిలో మూటలేని దాన్ని నేనొక్కతెనే.

పొద్దున్నే నువ్వు కాటుక తుడిచేసుకున్నావు. కళ్ళు మాత్రం మిరపపళ్ళు. రెప్పలు వాచి, అంచుల్లో పుసి.

డాక్టరు రెప్ప తిరగేసి చూశాడు. "ఎప్పణ్ణించి?" అన్నాడు.

"నిన్నటిదాకా ఇంత లేదండి" అన్నావు.

"అమెరికా రేవులో ఈ కళ్ళతో దిగనివ్వరు. మా ఓడలోనే వెనక్కి తేవాలి. నయం చేసుకుని వచ్చే ఓడకి రా." పక్కకి నిలబెట్టాడు. తర్వాతి మనిషిని పిలిచాడు.

మిస్ క్లారా ఆ డాక్టరుతో చాలాసేపు మాట్లాడింది. మొదటిసారి ఆవిడ గొంతు పెద్దది కావడం విన్నాను. లాభం లేకపోయింది. అప్పుడు నా దగ్గరికి వచ్చి, "మున్షమ్మగారూ, అమృతము కన్నులయందు ఏమైన లేపనము చేసితిరా?" అంది.

"ఏమీ లేదమ్మా. రాత్రింబవళ్ళు ఆ ఎముకల పుస్తకం" అన్నాను.

నువ్వు మిస్ క్లారా వంక చూడలేదు. నా వంకా చూడలేదు. నీ బూట్ల వంక చూశావు.

"అట్లైన నేనును ఆగెదను" అంది మిస్ క్లారా. అమెరికాలో ఆవిడ తల్లి మంచం పట్టి ఉంది. తన సామాను కూడా ఓడలోంచి దింపించింది.

అంత మంచిదై ఉండక్కర్లేదు ఆవిడ.

మే 26.

ఆ కర్పూరం బట్టల్లో వేసే రకం. షాపువాడు చెప్పి ఉండాల్సింది.

మే 29, ఆదివారం.

వచ్చే ఓడ జూన్ ఇరవై రెండున. అది తప్పితే ఆ తర్వాతది ఆగస్టు సగానికిగాని చేర్చదు. అంటే పరీక్ష అయిపోతుంది. మిస్ క్లారా అట్లాసు తెచ్చి వేలితో చూపించి మరీ చెప్పింది. అర్థం కాకపోవడానికి నేనేమైనా చిన్నపిల్లనా?

నువ్వు మూడురోజులుగా నాతో "ఊఁ" "లేదు" తప్ప మాట్లాడటం లేదు. ఓడ తప్పిందని దిగులు కాబోలు. సహజం.

జూన్ 2.

వీధి చివర డాక్టరిచ్చిన బోరిక్ నీళ్ళతో కళ్ళు కడుక్కుంటున్నావు. నేను కడుగుతానన్నాను. నేనే కడుక్కుంటానన్నావు.

జూన్ 4, శనివారం.

మిస్ క్లారా చెల్లెలు పరమట్టాలో ఉంటుంది. అక్కడ తోట ఉంది, ఆకుపచ్చ చూస్తే కళ్ళకి మంచిదని నిన్ను తీసుకుపోయారు. నన్నూ రమ్మన్నారు. మోకాళ్ళ నొప్పులన్నాను. నువ్వు ఇంకోసారి అడుగుతావేమోనని చూశాను. బండివాడు తొందరపెట్టాడు.

జూన్ 5.

ఇవాళ తెలుగు మాట్లాడలేదు.

జూన్ 6.

ఇవాళా అంతే.

జూన్ 8, బుధవారం.

మిసెస్ డౌలింగ్ తలుపు తట్టి, లోపల ఎవరున్నారు గ్రానీ, మాటలు వినబడుతున్నాయి అంది. కీర్తనల పుస్తకం పైకి చదువుతున్నానని చెప్పాను. అబద్ధం కాదు. కీర్తన అయ్యాక నీకు అన్నం పెట్టి, జడ వేసి, నీ చేత పక్కటెముకల పేర్లు అప్పజెప్పించుకున్నాను. ఆ భాగం ఆవిడకి చెప్పాల్సిన పని లేదు.

మద్రాసు వైపు ఓడ నాకు జూలై రెండున దొరుకుతుందట. అప్పటిదాకా ఈ గది. ఆ తర్వాత రాజమండ్రిలో మిషను ఆవరణలో ఇంకో గది. దానికీ ఒక కిటికీ ఉంది. ఎదురుగా బడి గోడ.

జూన్ 12, ఆదివారం.

వచ్చావు. కళ్ళు ఉడికించిన గుడ్డు తెలుపు.

నన్ను చూడగానే, "నాతో పాటు పరమట్టా రాకుండా ఏం సాధించావమ్మమ్మా?" అన్నావు.

"మిసెస్ డౌలింగ్‌కి అన్నం వార్చడం నేర్పాను."

"నేర్చుకుందా?"

"గంజి తాగి, ఇది జబ్బువాళ్ళ సూపులా ఉందంది. అన్నం పారబోసింది."

నవ్వావు. ఇద్దరం కుంపటి ముందు కూచుని మిగిలిన ఎండుమిరపకాయలతో పచ్చడి నూరుకుని బ్రెడ్డుకి రాసుకుని తిన్నాం. నువ్వు చేతి ఎముకల పేర్లు లాటిన్‌లో చెబుతూ నా చెయ్యి పట్టుకుని ఒక్కొక్కటీ నొక్కి చూపించావు. "ఇది అరిగిపోయింది, ఇది అరిగిపోయింది, ఇది కొత్తదానిలా ఉంది, దీంతో పని చెయ్యలేదా?" అన్నావు. అది బెత్తం పట్టుకునే వేలని చెప్పాను.

ఓడ తప్పడం కూడా ఒకందుకు మంచిదే అయింది.

జూన్ 15.

ఇవాళ కూడా అలాగే గడిచింది. ఏమీ జరగలేదు. బాగుంది.

జూన్ 18, శనివారం.

మందుల షాపుకి వెళ్ళాను. ఇక్కడ జూన్ అంటే చలికాలం, ఊలు బట్టలకి చిమ్మటలు పడతాయని కర్పూరం ఒక ముక్క తెచ్చాను. చిమ్మటలకి.

జూన్ 20, సోమవారం.

నీ పెట్టె సర్దాం. ఊలు లంగా, ఊలు మేజోళ్ళు, మిస్ క్లారా చెల్లెలిచ్చిన ముదురు కోటు. కోటు వేసుకుంటే ఎవరో తెలియనంత పెద్దదానివి అయిపోయావు. విప్పమన్నాను, నలుగుతుందని.

ఆముదం సీసాలో ఇంకా సగం ఉంది. ఒత్తికి గుడ్డ కూడా ఉంది. మళ్ళీ ఒకసారి పట్టాను. మసి పోయినసారికంటే మెత్తగా వచ్చింది. భరిణె నిండింది.

జూన్ 21, మంగళవారం.

రేపు ఓడ.

సాయంత్రం దీపం పెట్టాక భరిణె తీసుకుని నీ ఎదురుగా కూచున్నాను. నువ్వు పుస్తకం మూసి ముఖం పైకెత్తావు, పోయినసారి లాగే. నేను వేలితో తీశాను. వేలు దగ్గరికి వచ్చాక నా మణికట్టు పట్టుకున్నావు. గట్టిగా కాదు. నాడి చూసేటట్టు.

"కర్పూరం ఎందుకు తెచ్చావమ్మమ్మా?"

"చిమ్మటలకి."

"ఊలు బట్టలన్నీ నా పెట్టెలో ఉన్నాయి. నా పెట్టెలో వెయ్యలేదు. నీ దగ్గరున్నవి నూలు చీరలు."

నేను ఏదో ఒకటి చెప్పగలను. ముప్ఫై ఏళ్ళు తెల్లవాళ్ళ ప్రశ్నలకి జవాబులు చెప్పాను. రెండో చేత్తో భరిణె మూత పెట్టాను.

"పోయినసారి కూడా నీ వేలు దగ్గరికి రాగానే వాసన తెలిసింది" అన్నావు. "రెప్ప మూసుకోవచ్చు. మూసుకోలేదు."

"ఎందుకు మూసుకోలేదు?"

"ఆరోజు నాకూ ఎక్కాలని లేదు."

కుంపట్లో బొగ్గు కూలింది. కింద మిసెస్ డౌలింగ్ పళ్ళేలు సర్దుకుంటోంది.

"మరి ఇప్పుడో?" అన్నాను.

"ఇప్పుడూ లేదు. అయినా ఎక్కుతాను. మిస్ క్లారా వాళ్ళమ్మని ఇంకో నెల ఆపలేను." పుస్తకం పక్కన పెట్టి, "మా అమ్మ దగ్గరికి ఎవరూ రాలేదు కదా" అన్నావు.

నా వేలు ఇంకా అలాగే గాల్లో ఉంది, మసితో. తుడుచుకోవడానికి గుడ్డ కోసం చూస్తున్నాను. నువ్వు మంచం అంచుకి జరిగి, కుడికాలి మేజోడు లాగేసి, పాదం నా ఒళ్ళో పెట్టావు.

"డాక్టరు అక్కడ చూడడు" అన్నావు.

పాదం రాయిలా చల్లగా ఉంది. అప్పుడు నా బొటనవేలంత ఉండేది. చుక్క పెట్టాను. అది చుక్కలా రాలేదు, కొబ్బరికాయ కన్నులా వచ్చింది. నువ్వు కాలు వంచి చూసుకుని, "మున్షమ్మగారూ, దస్తూరి పాడైపోయింది" అన్నావు.

ఆరేదాకా నీ పాదం పట్టుకుని కూచున్నాను. ఆముదం కాటుక ఆరదని నీకూ తెలుసు.

జూన్ 22, బుధవారం.

ఓడ ఎక్కించాను.

జూన్ 23.

నిన్న రాయలేకపోయాను. చలికి వేళ్ళు వంగలేదు.

అదే షెడ్డు, అదే డాక్టరు. రెప్పలు తిరగేశాడు, నాలుక చూశాడు, గొంతు చూశాడు, కాగితం మీద ముద్ర గుద్దాడు. కన్ను మూసి తెరిచేంతలో అయిపోయింది. తాడు ఇవతల నేను నిలబడ్డాను. నా పక్కన ఒక ఇంగ్లీషు ముసలామె. ఎవరు నీకు? అన్నట్టు చెయ్యి ఊపింది. మా పిల్ల, డాక్టరు అని చెప్పాను. ఇంకా పరీక్ష కూడా రాయలేదు నువ్వు.

మిస్ క్లారా నా రెండు చేతులూ పట్టుకుని "సెలవు, మున్షమ్మగారూ" అంది. అంతటితో ఆగి, "మళ్ళీ వస్తానండీ" అంది. ఆవిడ నోట మామూలు తెలుగు రావడం అదే మొదలు. ఎక్కడ నేర్చుకుందో. నువ్వే నేర్పి ఉంటావు.

నువ్వు నిచ్చెన మెట్లు ఎక్కుతుంటే కుడికాలు నేలకి ఆనించీ ఆనించకుండా వేశావు. వెనక చీనా మనిషి నీకు కాలు బెణికిందేమో అనుకుని మూట పట్టుకోబోయాడు. పైకెళ్ళాక కోటులో నువ్వెవరివో తెలియలేదు. అందరూ కోట్లే. ఎవరో ఒకరు చెయ్యి ఊపితే నేనూ ఊపాను.

జూన్ 24.

తెలుగు లేదు.

జూన్ 26, ఆదివారం.

గుడిలో నా పక్కన మిసెస్ డౌలింగ్ కూచుంది. ఆవిడ కేథలిక్కు. తన గుడికి పోకుండా నాతో వచ్చింది. అబద్ధం చెప్పి వచ్చిందో, నిజం చెప్పి వచ్చిందో అడగలేదు. ఉప్పుచేప విషయం మాత్రం ఇవాళ్టితో మన్నించాను.

జూన్ 27, సోమవారం.

నీ ఓడ ఈపాటికి ఆక్లండు చేరి ఉంటుంది.

ఆముదం సీసా షెల్ఫు మీద ఉంది. మిగిలిన కర్పూరం పారేశాను. భరిణె కూడా కడిగేద్దామని చూస్తే లేదు. పెట్టెలో లేదు, దిండు కింద లేదు, సబ్బుగిన్నె వెనక లేదు. మిసెస్ డౌలింగ్ ఈసారి దేన్నీ పారెయ్యలేదని సిలువ గీసి చెప్పింది.

కాబట్టి నీ దగ్గర ఉంది. ఎక్కడ పెట్టావో కూడా నాకు తెలుసు. ముదురు కోటు లోపలి జేబులో. చిన్నప్పుడు చింతగింజలు కూడా లోపలి జేబులోనే దాచేదానివి.

ఈ రాత నీకు అందదు. అయినా చెబుతున్నాను, విను. కళ్ళకి మాత్రం అది పెట్టుకోకు. రెండుసార్లూ కర్పూరం నేనే ఎక్కువ వేశాను, చెయ్యి జారి పడలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో మళ్ళీ రెప్పలు తిరగేసి చూస్తారు. అరికాల్లోకైతే ఎంత పెట్టుకున్నా ఫరవాలేదు. పరీక్ష రోజున పెట్టుకో. మేజోడుకి మసి అంటితే వేడినీళ్ళలో ముంచకు, మరక నిలిచిపోతుంది. వంటగదికి వెళ్ళి గుప్పెడు గోధుమపిండి అడిగి, మరక మీద పొడిగా అద్ది, జిడ్డు పీల్చేదాకా ఒక పూట వదిలెయ్యి. దులిపాక సబ్బు పెట్టి చన్నీళ్ళతో ఉతుకు. కుడికాలిది మాత్రమే. రెండూ కలిపి నానబెట్టకు.